రేసు టైర్ల బూడిద

సకల జనుల సమ్మె మొదలైనప్పటి నుంచి దిల్‌సుఖ్‌నగర్ మనుషులకు ఒక కొత్త అలవాటు అబ్బింది. పొద్దున లేవగానే బాల్కనీలోకి వచ్చి గాలి పీల్చి చూసేవాళ్ళు. టైర్ల కంపు తగిలితే బంద్, తగలకపోతే మామూలు రోజు. బస్సులు డిపో దాటేవి కావు. బడులు తెరిచేవాళ్ళు కాదు. ఇంట్లో కూర్చుంటే కాలు నిలిచేది కాదు, బయటికొస్తే చేయడానికి పని ఉండేది కాదు. ఊరంతా ఏదో కబురు కోసం గుమ్మంలో నిలబడి ఉన్నట్టుండేది.

అలాంటి ఒక ఉదయం, చీరల దుకాణం పై అంతస్తులో ఉన్న ఇందిరాదేవి ఆఫీసుకు ఒక ఆడమనిషి రొప్పుతూ వచ్చింది. చంపాపేట్ నుంచి నడిచే వచ్చిందట. చెప్పులు దుమ్ము కొట్టుకుపోయి ఉన్నాయి.

"మేడం, సాయంత్రానికి నా తమ్ముణ్ణి పోలీసులు పట్టుకపోతరు," అంది కుర్చీలో కూర్చోకుండానే.

ఇందిరాదేవి ఆమె ముఖంలోకి చూసి, "సిద్ధిరాములూ, నీళ్ళు," అంది.

ఇందిరాదేవికి యాభై దాటాయి. డిటెక్టివ్ బోర్డు పెట్టకముందు చాలా ఏళ్ళు బీమా కంపెనీకి సర్వేయరుగా పనిచేసింది. కాలిన బండ్లు, కావాలని కాల్చిన బండ్లు చూసి చూసి, మనుషుల మాటల కన్నా మసిని ఎక్కువ నమ్మే స్థితికి వచ్చింది. ఆమె సహాయకుడు సిద్ధిరాములు మాత్రం ఆమె మాటలనే నమ్ముతాడు. మేడం తుమ్మినా అందులో ఏదో ఆధారం ఉంటుందని అతని అభిప్రాయం. రోజూ వచ్చేవి పెళ్ళి సంబంధాల ఎంక్వయిరీలే కాబట్టి, ఆ అభిప్రాయాన్ని పరీక్షించే అవకాశం ఇంతవరకూ పెద్దగా రాలేదు.

వచ్చినామె పేరు శ్రీకళ. సర్కారు బడిలో టీచరు, ఇప్పుడు సమ్మెలో ఉంది. నీళ్ళు తాగాక విషయం చెప్పింది.

చంపాపేట్ నుంచి ఎల్బీ నగర్ పోయే దారిలో, మెయిన్ రోడ్డు పక్క గల్లీలో ఒక బైకుల షెడ్డు ఉంది. దాని యజమాని గంగాధరరావు, తెనాలి నుంచి వచ్చి స్థిరపడ్డవాడు. అతని స్నేహితుడు అశోక్ బైకు పందేలు తోలుతాడు. ఇద్దరూ కలిసి ఆదివారం జరిగే పందేనికి ఒక బండి తయారు చేస్తున్నారు. నిన్న బంద్ నాడు షెడ్డులో ఉన్న కొత్త రేసు టైర్లు మాయమయ్యాయి. షెడ్డు వెనక ఖాళీ ప్లాటులో చిన్న మంట వేసిన బూడిద, ఆ టైర్ల మీద చుట్టివచ్చిన కవరు సగం కాలిన ముక్క కనిపించాయి.

"షెడ్డు ఎదురుంగనె మనోళ్ళ దీక్షల టెంటు ఉన్నది. నా తమ్ముడు జైపాల్ అండ్ల ఉంటడు. బంద్ రోజు టైర్లు జమ చేసింది ఆడే. గందుకని ఆడే ఎత్కపోయి కాలవెట్టిండని గంగాధరరావు అంటున్నడు. సాయంత్రం దాంక చూస్తా, ఆ తర్వాత స్టేషన్‌కు పోతా అన్నడు."

"మీ తమ్ముడు ఏమంటున్నాడు?"

"నేను ముట్టలేదు అంటున్నడు. ఆడు అబద్ధం చెప్పడు మేడం. ఇప్పటికే రైల్‌రోకోల ఒక కేసున్నది. ఇంకోటి పడితె బెయిల్ గూడ దొరకదని వకీలు చెప్పిండు. అమ్మ నాయన లేరు. ఆణ్ణి నేనే సాదిన."

ఇందిరాదేవి లేచి సంచి భుజాన వేసుకుంది. "సాయంత్రం దాకా టైముంది కదా. పదండి."

సిద్ధిరాములు స్కూటరు తీశాడు. ఇందిరాదేవి వెనక కూర్చుంది. శ్రీకళను తెలిసినవాళ్ళ బండి ఎక్కించారు. కొత్తపేట దగ్గర రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. ఎవరో "జై తెలంగాణ" అన్నారు. సిద్ధిరాములు అంతకన్నా గట్టిగా అన్నాడు. దారిచ్చి, చేతిలో పులిహోర పొట్లం కూడా పెట్టారు.

షెడ్డు సగం షట్టరు దించి ఉంది. ఎదురుగా టెంటులో పదిమంది కూర్చుని పాట పాడుతున్నారు. షెడ్డులోంచి ఎవరు బయటికొచ్చినా వాళ్ళ కంట పడాల్సిందే. వెనక వైపు తలుపు ఒకటి ఉంది. అది గోడ కట్టిన ఖాళీ ప్లాటులోకి తెరుచుకుంటుంది. ప్లాటుకు వేరే దారి లేదు. ఇవన్నీ చూసుకున్నాకే ఇందిరాదేవి లోపలికి నడిచింది.

గంగాధరరావు ముఖం వాడిపోయి ఉంది. రాత్రంతా నిద్రపోలేదని చూస్తేనే తెలుస్తోంది.

"నాకు ఎవరి మీదా పగ లేదండీ," అన్నాడు. "పదేళ్ళ నుంచి ఈ గల్లీలో ఉంటున్నాను. ఆ టెంటుకి కరెంటు నా మీటరు నుంచే ఇచ్చాను. దానికి ఇదా బహుమానం, చెప్పండి. లారీలు నడవట్లేదు, రైళ్ళు ఆగిపోయాయి. ఆదివారానికి మళ్ళీ టైర్లు ఎక్కడి నుంచి తెస్తాం?"

"బండి చూడొచ్చా?"

ఆ మాటతో అతని ముఖంలోకి కొంచెం ప్రాణం వచ్చింది. షెడ్డు మధ్యలో స్టాండు మీద ఉంది బండి. మట్టిలో, గుంతల్లో ఎగిరి దూకే డర్ట్ బైకది. దాన్ని తారు ట్రాకు మీద మలుపుల్లో పడుకోబెట్టి తోలే సూపర్‌మోటో పందేనికి మారుస్తున్నారు.

"మట్టి బండికి ముందు చక్రం బాగా పెద్దదండీ. గుంతలెక్కాలి కదా. అదిగో, గోడకి తగిలించాం పాత చక్రాలు. వాటికి బొడిపెల టైర్లు ఉండేవి. అవి పీకేసి, ట్యూబులతో సహా వెనక ప్లాటులో పారేశాం. తారు మీదకి ఈ చిన్న చక్రాలు కావాలి. ఒక్కొక్క స్పోకూ మేమే అల్లాం. వీటికి గాడుల్లేని నున్నటి టైర్లు వేస్తే రోడ్డుని పట్టుకుంటాయి. నిన్న వేద్దామనుకున్నాం, ఈలోగా ఇలా అయింది." అతను ముందు చక్రం మీద చెయ్యి వేశాడు. "ఈ బ్రేకు ప్లేటు చూడండి, అన్నం పళ్ళెమంత ఉంది. సూపర్‌మోటోలో పందెం అంతా ముందు బ్రేకులోనే ఉంటుంది. మలుపు ముంగిట రెండు వేళ్ళతో నొక్కాలి. ఎక్కువైతే బోర్లా పడతాం. తక్కువైతే గోడకి కొడతాం."

ఇంజను బోల్టులన్నిటికీ సన్నని స్టీలు తీగ మెలిపెట్టి కట్టి ఉంది. బోల్టు వదులై ఊడి ట్రాకు మీద నూనె కారితే వెనక వచ్చేవాళ్ళు జారి చస్తారు. అందుకని అలా కట్టకపోతే పందేనికి రానివ్వరు.

"ఎంత ముద్దుగా కట్టారు," అంది ఇందిరాదేవి.

"మా బాపు కట్టిండు మేడం," అన్నాడు మూలన నిలబడ్డ అశోక్. పాతికేళ్ళవాడు, ఒంటి మీద రేసు జాకెట్టు. "మాది పోచంపల్లి. బాపుకు చీరెల నూలు కట్టుడు పని. గా వేళ్ళకు తీగెంత."

అశోక్ తండ్రి దశరథ అందరికీ చాయ్ పోసి ఇచ్చాడు. అరవై ఏళ్ళ సన్నటి మనిషి, మాట కూడా సన్నగానే ఉంది. అశోక్ గ్లాసు ఎడమ చేత్తో అందుకున్నాడు. అతని కుడి అరచేతికి అడ్డంగా, ఈ చివర నుంచి ఆ చివరకు కాలిన మచ్చ ఉంది.

"అదేంటి బాబూ?"

"సైలెన్సర్ తాకింది మేడం. మా పనిల మామూలే."

"షెడ్డు తాళంచెవులు ఎవరి దగ్గరుంటాయి?"

"రెండేనండీ," అన్నాడు గంగాధరరావు. "ఒకటి నా దగ్గర, ఒకటి అశోక్ వాళ్ళింట్లో. నిన్న రోడ్లు మూసేశారు కదా, నేను నడిచి వచ్చేసరికి మధ్యాహ్నం అయింది. అప్పటికే వెనక తలుపు తెరిచి ఉంది. తాళం పగల్లేదు. ముందురోజు నేనే వెయ్యడం మర్చిపోయానేమో, ఎవరో గోడ దూకి వచ్చి ఉంటారు."

"నేను పొద్దుగాల పందెపోళ్ళ మీటింగుకని నాగోల్ పోయి ఆడనె ఇరుక్కున్న," అన్నాడు అశోక్. "పొద్దుగూకినంక ఒచ్చిన. నా జతగాళ్ళు నలుగురున్నరు, అడగుండ్రి."

"మీరో?" అని దశరథను అడిగింది.

"నేను పొద్దుగాల ఒచ్చి ఈడ కొంచెం సేపు నూలు కట్టుకున్న అమ్మా. షట్టరు ఎత్తుకొని ముందట కూసున్న. ఎనక తలుపు దిక్కు పోలే. మూట గట్టుకొని ఇంటికి పోయిన."

ఇందిరాదేవి వెనక ప్లాటులోకి వెళ్ళింది. చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని బూడిద ముందు గొంతుక్కూర్చుంది. సిద్ధిరాములు ఊపిరి బిగబట్టాడు. ఇలాంటి సమయాల్లో ఆమెతో మాట్లాడకూడదని అతనికి బాగా తెలుసు. ఆమె బూడిదలోంచి తుప్పురంగు తీగ వలయాలు నాలుగు పైకి తీసింది.

"ఇవేంటి మేడం?"

"టైరు కాలితే రబ్బరు పోతుంది. చక్రాన్ని పట్టుకునే అంచులో ఇనుప తీగ ఉంటుంది, అది పోదు. ఒక్కో టైరుకు రెండు." ఆమె అందులో పెద్ద వలయం పట్టుకుని లోపలికి పోయింది. షెడ్డులో అప్పుడు ఎవరూ లేరు, చాయ్ తాగుతూ బయటికి పోయారు. గోడకు వేలాడుతున్న పాత ముందు చక్రానికి వలయాన్ని పెట్టింది. కొలిచి చేయించినట్టు కూర్చుంది. స్టాండు మీది కొత్త చక్రానికి పెట్టింది. వదులైన గాజులాగా జారి కిందికి వేలాడింది.

సిద్ధిరాములు కళ్ళు పెద్దవయ్యాయి. "అంటే కాలినయి రేసు టైర్లు కావు. పారేసిన పాత టైర్లు."

"అవును. రేసు టైర్లు ఎక్కడో క్షేమంగా ఉన్నాయి. వాటి కవరు మాత్రం ఇక్కడ వేసి, అవే కాలిపోయాయని మనల్ని నమ్మించారు. కాలిపోయిన వస్తువును ఎవరూ వెతకరు కదా."

"అయితే జైపాల్ బయటపడ్డట్టే."

"ఎలా బయటపడతాడు? దాచిపెట్టి అమ్ముకుంటున్నాడంటారు. అది ఇంకా పెద్ద కేసు." ఆమె మళ్ళీ ప్లాటులోకి వచ్చి, జల్లెడ అడిగి తెప్పించుకుని, బూడిదంతా జల్లించింది. జల్లెడలో రాళ్ళు మిగిలాయి, మేకు ఒకటి మిగిలింది. ఆమె ముఖం చిట్లించింది. "పాత టైర్లు ట్యూబులతో సహా పారేశామన్నాడు. ట్యూబు కాలినా గాలి కొట్టే ఇత్తడి వాల్వు మిగలాలి. రెండు చక్రాలకు రెండు. ఒక్కటీ లేదు."

"ట్యూబులు పక్కన పడి ఉంటాయేమో."

ప్లాటంతా వెతికారు. ట్యూబులు లేవు. గోడ ఎక్కిన జాడ కూడా ఎక్కడా లేదు. ఎవరో మంట పెట్టేముందు వాటిని తీసి పట్టుకుపోయారు. ఇంత కంగారు పనిలో ఆగి చిరుగుల ట్యూబులు తీసుకునేది ఎవరని సిద్ధిరాములు అడిగాడు. ఇందిరాదేవి అప్పటికే టెంటు వైపు వడివడిగా నడుస్తోంది.

టెంటులో జైపాల్ మెడలో గులాబీ కండువా వేసుకుని, చేతులు కట్టుకుని, ఎవరితో అయినా కొట్లాటకు సిద్ధం అన్నట్టు నిలబడ్డాడు. ఇరవై రెండేళ్ళుంటాయి. అక్క ఉందని కొంచెం తగ్గాడు.

"టైర్లు కాలవెట్టినం మేడం, కాదంటలే. చౌరస్తాల. పంక్చరు షాపాయన ఇచ్చిన లారీ టైర్లు. గీ షెడ్డు జోలికి పోలే. గంగాధరన్న మాకు కరెంటు ఇచ్చిండు, ఆయన మాల్ మేమెందుకు ముడతం?"

"నిన్న షెడ్డు వెనక పొగ చూడలేదా?"

"నిన్న ఏ దిక్కు చూసినా పొగనే గద."

"షెడ్డులోంచి ఎవరైనా బయటికి వచ్చారా?"

"దశరథ కాకా ఒక్కడే. నూలు మూట మోపెడ్ మీద పెట్టుకుంటుండె. ముసలాయన కదా అని నేనే చెయ్యేసి లేపిన. నూలింత బరువుంటదా కాకా అని నవ్విన గూడ. తర్వాత ఇంట్ల దించి మళ్ళొచ్చి, అందరికి చాయ్ తెచ్చిచ్చి మా పక్కపొంటి కూసున్నడు. రోజు కూసుంటడు. ఉద్యమమంటె మస్తు పానం ఆయనకు."

ఇందిరాదేవి అతని భుజం తట్టింది. "నువ్వు సాయంత్రం దాకా ఎక్కడికీ పోకు. ఎవరితోనూ కొట్లాటకు దిగకు. మీ అక్క కోసం."

తర్వాత ఆమె చంపాపేట్‌లో దశరథ ఇంటికి వెళ్ళింది. పోచంపల్లి చీర చూడాలనిపించి వచ్చానంది. అప్పటికే ఇంటికి చేరిన దశరథ నొచ్చుకున్నట్టు కనిపించినా చాప వేశాడు. ముందు గదిలో చెక్క చట్రానికి నూలు బిగించి ఉంది. రంగు అంటకూడని చోటల్లా పోగులను గుత్తిగా పట్టి, రబ్బరు పట్టీతో బిగించి కట్టాడు. దాన్ని చిటికి కట్టడం అంటారు. ఆ కట్లు వందలుండాలి, ప్రతిదీ ఒక్కలాగే ఉంది. రంగులో ముంచాక కట్టు విప్పితే ఆ చోట తెల్లగా పువ్వు మిగులుతుంది.

"రబ్బరు ఎక్కడ కొంటారు?"

"కొనుడేంది అమ్మా. పాత సైకిల్ ట్యూబులు కోసుకుంటం. మా తాతల నుంచి గంతే. మా ఇండ్లల్ల ట్యూబు ముక్క పారేస్తె పెద్దోళ్ళు తిడుతుండిరి."

చట్రం మీది కట్లు చాలా మటుకు పాతబడి బూడిదరంగుకు తిరిగి ఉన్నాయి. ఒక పక్క వరస మాత్రం కొత్తవి, నల్లగా, మందంగా ఉన్నాయి. ఇందిరాదేవి వాటి మీద వేలు ఆనించి తీసేసింది. గది మూలన నూలు మూటలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి.

"కొడుకు పందేలకు పోతుంటే భయం లేదా?"

దశరథ చాలాసేపు నూలు సర్దాడు. "భయమెందుకమ్మా. బోల్టులన్ని నేనే కట్టిన," అన్నాడు.

బయటికి వచ్చాక ఆమె స్కూటరు ఎక్కకుండా కొంతసేపు ఊరికే నిలబడింది. ఆమె ముఖం చూసి సిద్ధిరాములుకు భయం వేసింది. కేసు తేలినప్పుడు మేడం సంతోషంగా ఉంటుందనుకునేవాడు అతను. "ఫోన్ చెయ్," అందామె. "అందరినీ షెడ్డుకు రమ్మను. దశరథ గారిని కూడా."

పొద్దు వాలకముందే అందరూ చేరారు. గంగాధరరావు తెల్ల కాగితం మీద రాసిన ఫిర్యాదు జేబులో పెట్టుకుని వచ్చాడు. అది జేబులోంచి పైకి కనిపిస్తూనే ఉంది. జైపాల్ షట్టరు దగ్గర నిలబడ్డాడు. శ్రీకళ అతని చెయ్యి పట్టుకుని ఉంది. దశరథ ఒక డబ్బా మీద కూర్చున్నాడు. అశోక్ బండికి ఆనుకున్నాడు.

ఇందిరాదేవి తీగ వలయాన్ని పాత చక్రానికి పెట్టి, కొత్త చక్రానికి పెట్టి చూపించింది. గంగాధరరావు నోరు తెరిచాడు.

"రేసు టైర్లు కాలలేదు. తీసినవాడు వాటిని కాల్చలేకపోయాడు. దొంగే అయితే ఇంత నాటకం అక్కర్లేదు, ఎత్తుకుపోతే చాలు. ఇతనికి కావాల్సింది ఒక్కటే, ఆదివారం ఈ బండి పందెంలో దిగకూడదు. గోడ దూకిన జాడ లేదు, ప్లాటుకు వేరే దారి లేదు కాబట్టి షెడ్డులోంచే పోయాడు. తాళం పగలగొట్టలేదు కాబట్టి తాళంచెవి ఉన్న ఇంటి మనిషి. గంగాధరరావు గారూ, ముందు మిమ్మల్నే అనుమానించాను."

"నన్నా అండీ?"

"మీరైతే పాత టైర్లను ట్యూబులతో సహా మంటలో వేసేవారు. మీకు ట్యూబంటే చెత్త. కానీ బూడిదలో ఇత్తడి వాల్వులు లేవు. కొడుకు గురించి ఎంత కంగారులో ఉన్నా, రబ్బరు ట్యూబును మంటలో వెయ్యడానికి చెయ్యి రాని మనిషి ఒక్కడే ఉన్నాడు ఇక్కడ. చిన్నప్పటి నుంచి ట్యూబు ముక్క పారేస్తే తిట్లు తిన్న మనిషి. అలవాటుగా వాటిని తీసి మూటలో పెట్టుకున్నాడు. నిన్న కోసి కొత్త వరస చిటికి కట్టాడు. సైకిల్ ట్యూబు పట్టీ ఇంత మందం ఉండదు."

అందరూ దశరథ వైపు చూశారు. జైపాల్ ఒక్కడే చూడలేదు, అతను తన చేతుల వైపు చూసుకున్నాడు.

"గా మూట," అన్నాడు నెమ్మదిగా. "నేనే లేపిన గద మూట."

"అందులో నూలు పైపైనే ఉంది జైపాల్. లోపల రెండు టైర్లున్నాయి."

"మా బాపు ఎందుకు తీస్తడు?" అశోక్ గొంతు లేచింది. "ఈ బండికి నాకన్న ఎక్కువ కష్టపడ్డది ఆయన. మీకేం తెల్వది."

ఇందిరాదేవి అతని దగ్గరికి వచ్చింది. "కళ్ళు మూసుకో. రెండు చేతులూ చాపు."

అశోక్ తండ్రి వైపు చూసి, మొండిగా కళ్ళు మూసుకున్నాడు. ఆమె ఎడమ చేతిలో ఒకటి పెట్టింది. "ఏంటిది?"

"నట్టు."

"కుడి చేతిలో?"

అశోక్ వేళ్ళు మెల్లగా మూశాడు. ఒక క్షణం ఆలోచించాడు. "వాషర్," అన్నాడు.

కళ్ళు తెరిచి చూసుకుంటే కుడి చేతిలో ఏమీ లేదు.

గంగాధరరావు బండి హ్యాండిలు వైపు తిరిగాడు. ముందు బ్రేకు లివరు కుడి చేతికే ఉంటుందని అతనికన్నా బాగా ఎవరికి తెలుసు.

"వేడి తగిలితే ఎవరైనా చెయ్యి లాక్కుంటారు, చిన్న బొబ్బ వస్తుంది. నీ అరచేతికి ఈ చివర నుంచి ఆ చివరకు మచ్చ ఉంది. చెయ్యి సైలెన్సర్ మీదే ఉండిపోయింది. నీకు తెలియలేదు."

అప్పుడు దశరథ నోరు విప్పాడు. నేల చూస్తూనే చెప్పాడు. "ఆరు నెలల కింద పడ్డడు. అప్పటి సంది గా చెయ్యికి సోయి లేదు. ఆ రోజు తోలు కాలిన వాసనొస్తుంటె ఆడు నాతోటి నవ్వుకుంట మాట్లాడుతున్నడు. నేను చెయ్యి గుంజితె, ఏమైంది బాపు అన్నడు. దవాఖానకు పోదాం అంటె పందెం అయినంక అన్నడు. ఎవరికి చెప్పొద్దని ఒట్టేపిచ్చుకున్నడు. నేనేం జేయాలె? టైర్లు కాలవెడుదామని ఎనకకు తీస్కపోయిన. ఆడు ఆ టైర్లను పక్కల పెట్టుకొని పండుకునేటోడు. చెయ్యి రాలే. పాతయి కాలవెట్టిన. ఇంట్ల మూటలల్ల ఉన్నయి."

గంగాధరరావు జేబులోంచి కాగితం తీసి, ఏం చెయ్యాలో తెలియక చేతిలోనే నలిపాడు. "నాతో చెప్పాల్సింది కదండీ. నేనే బండి షట్టరు బయటికి తోసేసేవాణ్ణి." తర్వాత జైపాల్ వైపు తిరిగాడు. "తప్పైపోయింది తమ్ముడూ. పొగ కనపడగానే మీరేననుకున్నాను. ఇంకోలా ఆలోచించలేదు."

జైపాల్ తల ఊపాడంతే.

శ్రీకళ మాత్రం దశరథ ముందుకు వచ్చి నిలబడింది. "కాకా, నీ కొడుకు మీద నీకు పానం, తప్పనను. నా తమ్ముడు జైలుకు పోతుంటె చూసుకుంట చాయ్ పోస్తివి గద."

"కేసు పెడితె నేనే పోయి చెప్తుంటి బిడ్డా."

"ఎప్పుడు చెప్తుంటివి? ఆణ్ణి లోపలేసి కొట్టినంకనా?"

ఇందిరాదేవికి కోపం వచ్చింది, జాలి వేసింది, రెండూ ఒకే మనిషి మీద. ఇలాంటప్పుడు బీమా కాగితాలే నయమనిపించింది ఆమెకు. వాటిలో ఏది ఎంత పాడైందో రాస్తే సరిపోయేది.

అశోక్ బండి పక్కన నేల మీద కూలబడ్డాడు. కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకుని, వేళ్ళను ఒక్కొక్కటే నొక్కి చూసుకుంటున్నాడు. "ఏం తెలుస్తలేదు బాపు," అన్నాడు. "నెల నుంచి అసలే తెలుస్తలేదు. ఎవరికైనా చెప్తె బండి ఇయ్యరని భయమైంది."

"నరం నొక్కుకుపోయి ఉంటుంది. ఎంత ఆలస్యమైతే అంత కష్టం," అంది ఇందిరాదేవి. "రేపు పొద్దున్నే పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి."

"రేపెలాగండీ?" అన్నాడు గంగాధరరావు. "రేపు రాస్తారోకో. ఎల్బీ నగర్ నుంచి అవతలికి ఒక్క బండి కదలదు. నా బండికి మా తెనాలి వైపు నంబరు, అది చూసి నా యాస విన్నారంటే మొదటి చౌరస్తాలోనే ఆపేస్తారు."

బయట టెంటులో పాట ఆగి నినాదాలు మొదలయ్యాయి. జైపాల్ షట్టరు దగ్గర నుంచి లోపలికి వచ్చాడు. అక్క చెయ్యి విడిపించుకుని, అశోక్ ముందు వంగాడు.

"నేను తీస్కపోతా," అన్నాడు. "దారి పొడుగున మనోళ్ళే ఉంటరు. దవాఖానకంటె ఇడుస్తరు, నేనుంటె అసలే ఆపరు. పొద్దుగాల తయారుండు అన్నా."

దశరథ డబ్బా మీద నుంచి ఒక్క ఉదుటున లేచాడు. ముఖం వెలిగింది. "నేను గూడ ఒస్తా బిడ్డా. ఎనక కూసుంట, ఆడు జారకుంట పట్టుకుంట."

జైపాల్ అతని వైపు చూశాడు. రోజూ పక్కన కూర్చున్న మనిషిని కొత్తగా చూసినట్టు చూశాడు.

"నువ్వు రాకు కాకా."

ఆ మాట గట్టిగా కూడా అనలేదు. అని, అక్కతో కలిసి షట్టరు కింద నుంచి వంగి బయటికి వెళ్ళిపోయాడు.

దశరథ కాసేపు నిలబడే ఉన్నాడు. "సరే బిడ్డా," అన్నాడు చివరికి. అప్పటికి జైపాల్ టెంటు కూడా దాటిపోయాడు.